రేంజ్‌ఫైండర్‌కి చిన్న సైజు ఫాస్ట్ వైడ్ లెన్సు: 28 ఆ 35 ఆ, ఎఫ్/1.4 నిజంగా కావాలా?

నీడలవెంట:

నా దగ్గర లైకా ఎం6 ఉంది, అద్దం లేకుండా పక్కనున్న ఫైండర్ కిటికీలోంచి చూసి ఫోకస్ చేసే రేంజ్‌ఫైండర్ ఫిల్మ్ కెమెరా, మామూలు 0.72 (అంటే 0.72 రెట్ల సైజులో చూపించే) ఫైండర్ ఉన్నదే, దానికి ఒకే ఒక్క 50 ఎంఎం ఎఫ్/2 లెన్సు. ఇన్నాళ్ళూ దాంతోనే లాక్కొచ్చా కానీ ఇంటి లోపల మనుషుల్ని తీయాలంటే వెనక్కి జరిగి జరిగి వీపు గోడకి ఆనుతోంది, అయినా ఫ్రేమ్‌లో ఇద్దరే పడుతున్నారు, మూడో మనిషిది చెయ్యి మాత్రమే వస్తోంది. అందుకని వైడ్ ఒకటి కొందామని.

తీసేవి ఏంటంటే ఎక్కువగా రాత్రిపూట గదిలో కూర్చుని మాట్లాడుకునే మనుషులు, లైట్లు పడ్డాక వీధులు. ఫ్లాష్ నాకు పడదు. ఫిల్మ్ ఎప్పుడూ 400దే, కావాలంటే 1600కి పుష్ చేయొచ్చు (ఎక్కువసేపు డెవలప్ చేసి స్పీడు పెంచడం) గానీ ఒకే రోల్‌లో పగటివీ రాత్రివీ కలిసి ఉంటాయి కాబట్టి ప్రతిసారీ చేయబుద్ధి కాదు. సో లెన్సు ఫాస్ట్‌గా ఉండాలి, అంటే ఎఫ్ నంబరు చిన్నదై వెలుతురు ఎక్కువ రావాలి. సైజు కూడా చిన్నగా ఉండాలి, పెద్ద లెన్సు మోసుకు తిరిగే ఓపికే ఉంటే ఎస్ఎల్ఆర్ కొనుక్కునేవాణ్ణి కదా. కళ్ళజోడు ఉంది నాకు, అది చెప్పకపోతే ఎలాగూ మీరే అడుగుతారు.

లిస్టులో ఉన్నవి: ఫోక్ట్‌లాండర్ నోక్టన్ 35 ఎఫ్/1.4, వాళ్ళదే అల్ట్రాన్ 35 ఎఫ్/2, జైస్ బయోగన్ 35 ఎఫ్/2, సెకండ్ హ్యాండ్‌లో పాత సమ్మిక్రాన్ 35 ఏదైనా, 28లో అయితే అల్ట్రాన్ ఎఫ్/2. కొత్త సమ్మిలక్స్ బడ్జెట్‌కి అందదు, దాని గురించి చెప్పి ఊరించకండి ప్లీజ్.

28 ఆ 35 ఆ? ఎఫ్/1.4కీ ఎఫ్/2కీ అంత తేడా తెలుస్తుందా? రేపెప్పుడైనా డిజిటల్ ఎం బాడీ కొంటే దానిమీద కూడా పనికి రావాలి, అదొకటి.


వెండిరేణువు:

లెన్సుల సంగతి తర్వాత, ముందు కళ్ళజోడు సంగతి తేల్చుకోండి. 0.72 ఫైండర్‌లో 28 ఫ్రేమ్ లైన్లు (ఫొటోలో ఎంత పడుతుందో చూపించే గీతలు) దాదాపు అంచుల్లో ఉంటాయి, కళ్ళజోడు పెట్టుకుని చూస్తే నాలుగు వైపులా ఒకేసారి కనపడవు, కన్ను ఎడమకీ కుడికీ తిప్పి వెతుక్కోవాలి. కొంతమందికి అలవాటైపోతుంది, కొంతమందికి చిరాకు పుట్టి ఆ లెన్సు అల్మారాలోనే ఉండిపోతుంది. 35 లైన్లు మాత్రం కళ్ళజోడుతో కూడా హాయిగా కనపడతాయి, చుట్టూ ఇంకాస్త ఖాళీ కూడా ఉంటుంది, అసలు రేంజ్‌ఫైండర్ మజానే అది కదా, ఫ్రేమ్‌లోకి ఎవరు రాబోతున్నారో ముందే తెలిసిపోవడం.

దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. మీ ఎం6 ముందు వైపు లెన్సు పక్కన చిన్న లివర్ ఉంటుంది చూడండి, ఫ్రేమ్ లైన్లు మార్చేది. దాన్ని ఒకవైపు నొక్కితే 28, 90 జత వస్తుంది, ఇంకోవైపు నొక్కితే 35, 135 జత. 50 లెన్సు తీయక్కర్లేదు. రాత్రి మీరు తీసే గదిలోనే కూర్చుని ఒక గంటసేపు అలా నొక్కి పట్టుకుని చూడండి, ఏ ఫ్రేమ్‌లో మనుషులు సరిపోతున్నారు, ఏది మీ కంటికి పూర్తిగా కనపడుతోంది అన్నది తేలిపోతుంది. ఎవరు ఏం చెప్పినా దీన్ని మించింది లేదు.

ఇక ఎఫ్/1.4 లెక్క. రాత్రి లైటు వేసిన మామూలు గదిలో 400 ఫిల్మ్ మీద ఎఫ్/2 అంటే 1/30 దగ్గర పడుతుంది. అదే ఎఫ్/1.4 అయితే 1/60, ఎఫ్/2.8 అయితే 1/15. 35 లెన్సుతో, అద్దం ఎగిరి పడే గొడవ లేని కెమెరాతో, 1/30 చేత్తో పట్టుకోవడం పెద్ద విషయం కాదు. చెయ్యి వణకడం గురించి అందరూ బెంగ పెట్టుకుంటారు గానీ 1/30లో పాడయ్యేది అవతలి మనిషి కదలడం వల్ల, మాట్లాడుతూ చేతులు తిప్పుతారు చూడండి, అది 1/60లో కాస్త తగ్గుతుంది గానీ పూర్తిగా ఆగదు. కాబట్టి ఆ ఒక్క స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పనికిరాదని అనను, దాంతో రాత్రి పగలైపోతుందని కూడా అనుకోవద్దు అంటున్నా.

ఎం6లో షట్టర్ 1/1000 దగ్గర ఆగిపోతుంది కాబట్టి పగలు ఎండలో 400 ఫిల్మ్‌తో ఎఫ్/1.4 వాడే సీనే లేదు, మీరు ఎఫ్/11 చుట్టుపక్కలే తిరుగుతుంటారు. అంటే ఆ రింగులో చివరి గీత కోసం పెట్టే డబ్బంతా రాత్రికే.


గాజుపిచ్చి:

పైన చెప్పింది కరెక్టే, నేను లెన్సుల లోపలికి వెళ్తా, కాస్త పొడుగవుతుంది, ఓపిక ఉంటేనే చదవండి.

చిన్నదీ కావాలి ఫాస్టూ కావాలి వైడూ కావాలి, దానికి తోడు మూలల దాకా షార్ప్‌గా ఉండాలి అంటే అవ్వా కావాలి బువ్వా కావాలి అన్నట్టే. ఎఫ్/1.4 వైడ్ లెన్సు చేయడానికి రెండు దారులు. ఒకటి, చిన్నగా చేసి తప్పులు ఒప్పేసుకోవడం. రెండు, తప్పులన్నీ దిద్ది పెద్దగా చేయడం.

మొదటి దారికి తాత 1961 నాటి సమ్మిలక్స్ 35. బుల్లి లెన్సు, కానీ పూర్తిగా తెరిస్తే లైట్ల చుట్టూ మెరుపు ముసుగు కప్పినట్టు ఉంటుంది, మూలల్లో దీపాలు రెక్కలొచ్చిన పురుగుల్లా సాగుతాయి, దగ్గర ఫోకస్ 1 మీటరు దగ్గరే ఆగిపోతుంది. అదంటే పడి చచ్చేవాళ్ళు ఎంతమందంటే 2022లో లైకా వాళ్ళు అదే డిజైన్ని మళ్ళీ చేసి అమ్మారు. కొసీనా వాళ్ళు 2008లో ఫోక్ట్‌లాండర్ పేరుతో తెచ్చిన నోక్టన్ క్లాసిక్ 35 ఎఫ్/1.4 కూడా ఆ వంశంలోదే, బరువు 200 గ్రాములు, ఫిల్టర్ 43 ఎంఎం, సింగిల్ కోటింగ్‌లో ఒకటి మల్టీ కోటింగ్‌లో ఒకటి వచ్చాయి. 2019లో రెండో వెర్షన్ వచ్చింది, గాజు మార్చి ఫోకస్ షిఫ్ట్ తగ్గించారు. గీతలు వంగడం అంటే బారెల్ డిస్టార్షన్ ఉంటుంది దీంట్లో, తలుపు చట్రాలూ కిటికీలూ ఫ్రేమ్ అంచుకి పెడితే తెలిసిపోతుంది. మీరు చిన్న గదుల్లో తీస్తానంటున్నారు కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి.

రెండో దారి జైస్ డిస్టాగన్ 35 ఎఫ్/1.4. బొమ్మ అద్భుతం, మూల నుంచి మూలకి శుభ్రం, బరువు 381 గ్రాములు, ఫైండర్‌లో కింద కుడిమూల దాని ముక్కు కనపడుతూనే ఉంటుంది. నోక్టన్ 35 ఎఫ్/1.2 అయితే 2003లో వచ్చిన మొదటిది 490 గ్రాములు, తర్వాత మూడో వెర్షన్‌కి 330 చిల్లరకి దింపారు, అయినా చిన్నది అనలేం. ఈ రెండు దారుల మధ్యలో నడిచేది మీరు చెప్పొద్దన్న లెన్సు, 2010 నాటి ఫ్లోటింగ్ ఎలిమెంట్ (ఫోకస్ తిప్పేటప్పుడు విడిగా కదిలే గాజు) ఉన్న సమ్మిలక్స్, 320 గ్రాములు, ఇక ఆపేస్తా.

ఎఫ్/2కి దిగితే కథ మారిపోతుంది. ఒక్క స్టాప్ వదులుకుంటే డిజైన్ చేసేవాడికి ఊపిరాడుతుంది. అల్ట్రాన్ 35 ఎఫ్/2 చూడండి, 2019లో వచ్చింది, ఆస్ఫెరికల్ (గోళం వంపు కాని) గాజు వాడారు, బరువు 170 గ్రాములు, పొడవు 28 ఎంఎం, 39 ఫిల్టర్. పూర్తిగా తెరిచినా మధ్యలో గట్టిగా ఉంటుంది, మూలలు కాస్త నల్లబడతాయి, అంతే. పాత సమ్మిక్రాన్లలో 1979లో వచ్చిన నాలుగో వెర్షన్ 160 గ్రాములే, వెనక మసక అందంగా వస్తుందని దానికి బొకే కింగ్ అని పేరు పెట్టి ధర ఆకాశానికి ఎక్కించారు జనం, నా ఉద్దేశంలో ఆ డబ్బులో సగం పేరుకే పోతుంది. 1958 నాటి ఎనిమిది గాజుల సమ్మిక్రాన్ సంగతి అయితే మాట్లాడుకోవడం కూడా దండగ, అది ఇప్పుడు అలమరాల్లో పెట్టుకునేవాళ్ళ వస్తువు.

బయోగన్ 35 ఎఫ్/2 వేరే రకం మనిషి. 240 గ్రాములు, అల్ట్రాన్ కంటే పొడుగు, గీతలు మాత్రం నిటారుగా ఉంటాయి, డిస్టార్షన్ వెతికినా దొరకదు, కాంట్రాస్ట్ ఎక్కువ. గదులు, గోడలు, మెట్లు ఇష్టమైతే ఇదే. జేబులో వేసుకోవాలంటే అల్ట్రాన్.

ఎవరూ చెప్పని సంగతి ఒకటి. ఇలాంటి చిన్న ఫాస్ట్ వైడ్ లెన్సుల్లో పూర్తిగా తెరిచినప్పుడు మూలలు ఒకటిన్నర, రెండు స్టాపుల దాకా నల్లబడతాయి. అంటే మీరు డబ్బులిచ్చింది ఎఫ్/1.4కి, మూలలో కూర్చున్న మనిషికి అందేది ఎఫ్/2.8 వెలుతురు. గదిలో నలుగురున్నప్పుడు చివర్లో ఉన్నవాడి మొహం గ్రెయిన్‌లో మునిగిపోయేది ఇందుకే.


ట్యాబ్‌తమ్ముడు:

అన్నా, ఈ లెక్కలన్ని మంచిగనే ఉన్నయి గని చేతిల పట్టుకున్నప్పుడు ఎట్లుంటదో కూడ చూస్కో. నేనైతే లెన్స్ కింద ఫోకస్ ట్యాబ్ ఉందా లేదా అన్నదే ముందు చూస్త. వేలు ట్యాబ్ మీద పెడితే కెమెరా కంటి కాడికి రాకముందే ఫోకస్ ఏడ ఉందో వేలుకు తెలుస్తది. ట్యాబ్ నిలువుగ కిందికి ఉంటే ఎంత దూరం, కొంచెం పక్కకి పోతే ఎంత, వాడంగ వాడంగ చెయ్యికే యాదుంటది, చూడాల్సిన పనే లేదు. కొన్నిటికి ట్యాబ్ ఉండదు, ఉత్త రింగే ఉంటది, కొనే ముందు ఫొటోల చూస్కో.

ఇంకోటి హుడ్, పక్క వెలుగు పడకుండ లెన్స్ ముందట బిగించేది. లెన్స్ చిన్నగుందని కొంటరు, ఎనుక నుంచి పెద్ద హుడ్ బిగిస్తరు, ఫైండర్ల సగం మూల పోతది. రంధ్రాలున్న హుడ్ దొరుకుతది, దాంట్లకెళ్ళి కొంచెమన్న కనిపిస్తది. మల్ల రాత్రి వీధిలైట్లు పక్క నుంచి కొడతయి కాబట్టి హుడ్ లేకుండ కూడ నడవదు, గిది మాత్రం యాదిల పెట్టుకో.

ఫాస్ట్ లెన్స్ మీద జోన్ ఫోకస్ (దూరం ముందే పెట్టి వదిలేసుడు) చేస్తా అనుకోకు, ఎఫ్/2 కాడ ఏం ఆగదు. పగలు ఎఫ్/8 పెట్టి 28ని 3.3 మీటర్ల మీద ఉంచితే సుమారు 1.6 మీటర్ల నుంచి అనంతం దాక మంచిగొస్తది. 35తోని గదే ఎఫ్/8 అయితే 5 మీటర్లు పెట్టాలె, 2.5 నుంచి మొదలైతది. పగలు వీధి ఫొటోలకు 28 సుఖం అనేది గీ లెక్క కోసమే. రాత్రి నీకు ఫైండర్ నడుమ రెండు బొమ్మలను ఒకటి చేసే ప్యాచే దిక్కు.


నీడలవెంట:

వెండిరేణువు గారూ, ఆ లివర్ పరీక్ష చేశా, థాంక్స్, ఇన్నేళ్ళుగా దాన్ని ఉత్తినే ఆడుకోవడానికి తప్ప వాడలేదు. 28 నాకు ఎడమ కింది మూల అస్సలు కనపడట్లేదు, 35 హాయిగా ఉంది. గదిలో కూడా 35కి నలుగురు సరిపోతున్నారు, కుర్చీ ఒకటి పక్కకి లాగాల్సొచ్చింది అంతే.

గాజుపిచ్చి గారూ, ఫోకస్ షిఫ్ట్ తగ్గించారు అన్నారు కదా, అసలు అదేంటి? రేంజ్‌ఫైండర్ ప్యాచ్‌లో కలిపితే కలిసినట్టే కదా, మళ్ళీ షిఫ్ట్ అవ్వడం ఏంటి. ఇంకోటి, నాకు వెనక మసకగా రావడం కూడా కాస్త ఇష్టమే, దానికోసమైనా ఎఫ్/1.4 తీసుకోవాలా అని మనసు లాగుతోంది.


గాజుపిచ్చి:

ఫోకస్ షిఫ్ట్ అంటే, లెన్సు అంచుల్లోంచి వచ్చే కిరణాలూ మధ్యలోంచి వచ్చేవీ ఒకేచోట కలవకపోవడం వల్ల వచ్చే తంటా. పూర్తిగా తెరిచినప్పుడు రెండూ కలిపి సగటున ఒకచోట ఫోకస్ అయినట్టు ఉంటుంది, లెన్సుని ప్యాచ్‌తో సరిపెట్టేది కూడా చాలావరకు అక్కడికే. మీరు ఎఫ్/2.8కి మూసేసరికి అంచు కిరణాలు తెగిపోతాయి, మధ్యవి మాత్రమే మిగులుతాయి, ఫోకస్ కాస్త వెనక్కి జరుగుతుంది. ప్యాచ్‌కి ఈ గొడవేమీ తెలీదు, అది లెన్సులోంచి చూడదు కదా, హెలికాయిడ్ (ఫోకస్ తిప్పే మర) ఎంత తిరిగిందో దాన్నే నమ్ముతుంది. కంటి మీద కలిపితే చెవి షార్ప్‌గా వస్తుంది. ఎఫ్/5.6 దాటాక డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (షార్ప్‌గా కనపడే లోతు) కప్పేస్తుంది కాబట్టి బాధ ఎఫ్/2 నుంచి ఎఫ్/4 దాకానే, కానీ రాత్రిపూట మీరు ఉండేది సరిగ్గా ఆ మధ్యలోనే. నోక్టన్ మొదటి వెర్షన్‌కి ఈ జబ్బు ఉందని అందరికీ తెలిసిందే, ఫ్లోటింగ్ ఎలిమెంట్ రాకముందు ఆస్ఫెరికల్ సమ్మిలక్స్‌కి కూడా ఉండేది. నోక్టనే కొంటే రెండో వెర్షనే చూసుకోండి.

వెనక మసక విషయానికొస్తే, మీ దగ్గర 50 ఎఫ్/2 ఉంది కదా. మనిషి 1 మీటరు దూరంలో ఉంటే దాంతో ఫోకస్‌లో ఉండేది సుమారు 5 సెంటీమీటర్లు. 35 ఎఫ్/1.4తో 7, 35 ఎఫ్/2తో 10. అంటే మీరు కొనబోయే ఫాస్ట్ లెన్సు కంటే ఉన్న లెన్సే ఎక్కువ మసక చేస్తుంది. మసక కావాలన్నప్పుడు 50 తగిలించండి, దానికోసం ఎఫ్/1.4 వైడ్ కొనక్కర్లేదు.


సెన్సార్‌సుబ్బు:

డిజిటల్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను దిగుతున్నా. రేంజ్‌ఫైండర్ వైడ్ లెన్సుల్లో చాలావాటి వెనక గాజు ఫిల్మ్‌కి బాగా దగ్గరగా ఉంటుంది, అద్దం లేదు కాబట్టి అంత లోపలికి పెట్టే వీలుంది, అవి చిన్నగా ఉండటానికి అదో కారణం. ఫిల్మ్‌కి కిరణాలు ఏటవాలుగా వచ్చినా పట్టింపు లేదు. సెన్సార్‌కి పట్టింపే. మూలల్లో రంగు మారడం, మసకబారడం మొదలవుతుంది. లైకా డిజిటల్ ఎం9 రోజుల్లో వైడ్ లెన్సులతో ఒక అంచు ఎర్రగా ఇంకో అంచు పచ్చగా వచ్చేది, దానికి ఇటలీ జెండా అని పేరు కూడా పెట్టారు.

లైకా ఎం సెన్సార్ల మీద గాజు పలచగా ఉంటుంది, మైక్రోలెన్సులు కూడా అంచుల్లో పక్కకి జరిపి పెడతారు, అందుకని 35తో పెద్ద బాధేం ఉండదు, 28తో కూడా చాలావరకు ఓకే, 21 లాంటి వాటితోనే అసలు తలనొప్పి. ఎవరైనా సోనీ ఫుల్ ఫ్రేమ్ మీద అడాప్టర్‌తో పెట్టుకుందాం అంటే మాత్రం నమ్మకండి, వాటి సెన్సార్ మీది గాజు సుమారు 2 ఎంఎం ఉంటుంది, చిన్న వైడ్ లెన్సు మూలలు పాకంలో ముంచినట్టు వస్తాయి, ఎఫ్/8కి మూసినా పూర్తిగా పోదు. ఆ బొమ్మ చూసి లెన్సుని తిడతారు, నెట్‌లో కనపడే సగం రివ్యూల కథ ఇదే.

ఇంకా ఎం8 దొరికింది చవకగా అని కొనేస్తే దాని సెన్సార్ చిన్నది, 1.33 లెక్కన మీ 35 వెళ్ళి 47 అయి కూర్చుంటుంది, వైడ్ అన్న మాటే పోతుంది. 2009లో వచ్చిన ఎం9 నుంచి ఫుల్ ఫ్రేమ్. 2012 నాటి ఎం 240 నుంచి లైవ్ వ్యూ (లెన్సు చూసేదే తెర మీద కనపడటం) ఉంది కాబట్టి, పైన గాజుపిచ్చి గారు చెప్పిన ఫోకస్ షిఫ్ట్‌ని తెర మీద ఏ ఎపర్చర్‌లో తీస్తున్నామో ఆ ఎపర్చర్‌లోనే చూసి దిద్దుకోవచ్చు. డిజిటల్ ఎం మీద ఐఎస్ఓ 3200 ధైర్యంగా పెట్టొచ్చు కాబట్టి అక్కడ ఎఫ్/1.4 మీద మోజు సగానికి సగం తగ్గిపోతుంది.


ఇరవైఎనిమిది:

అందరూ కలిసి ఈయన్ని 35 వైపు తోసేశారు, 28 తరఫున ఒక్కరైనా మాట్లాడాలి కదా. 50 ఉన్నవాడికి 35 అంటే ఒక్క అడుగు వెనక్కి వేసినట్టే, కోణం 63 డిగ్రీలు. 28 అంటే 75 డిగ్రీలు, అక్కడ గది మొత్తం మాట్లాడటం మొదలెడుతుంది, మనిషితో పాటు అతని బల్ల, గోడ, తలుపులో నిలబడ్డ ఇంకో మనిషి కూడా వస్తారు. 28, 50 జతకి ఉన్న అందం 35, 50 జతకి లేదు, రెండూ పక్కపక్కనే ఉన్నాయి, చివరికి 50 మూలన పడుతుంది, రాసిపెట్టుకోండి.

మూల కనపడట్లేదు అంటారా, 28తో తీసేవాళ్ళలో ఎక్కువమంది ఫ్రేమ్ లైన్లు చూడటం ఎప్పుడో మానేసి మొత్తం ఫైండర్నే ఫ్రేమ్ అనుకుంటారు. 0.72లో కళ్ళజోడుతో మొత్తంగా ఎంత కనపడుతుందో అదే ఇంచుమించు 28. పైన షూలో విడి ఫైండర్ పెట్టుకోవచ్చు గానీ రాత్రిపూట అది వద్దు, ఫోకస్ ఒకచోట కంపోజ్ ఇంకోచోట, ఈ లోపు నవ్వు అయిపోతుంది.

28 ఎఫ్/2తో 1/15 కూడా పట్టుకోవచ్చు కాబట్టి వెలుతురు లెక్కలో 35 ఎఫ్/1.4కి సమానమే, మనుషులు కదలనంతవరకు. చిన్న సైజే ముఖ్యమనుకుంటే 2006లో వచ్చిన ఎల్మరిట్ 28 ఆస్ఫెరికల్ 180 గ్రాములే, కాకపోతే ఎఫ్/2.8, మీ రాత్రులకి చాలదు, ఒప్పుకుంటా.


వెండిరేణువు:

ఇరవైఎనిమిది గారూ, మొత్తం ఫైండర్నే ఫ్రేమ్ అనుకోవడం మీకు కుదిరింది, మంచిదే. కానీ ఈయన ఇంటి లోపల దగ్గరగా కూర్చున్న మనుషుల్ని తీస్తున్నారు. 28తో ఫ్రేమ్ చివర మొహం పెడితే తల పక్కకి సాగుతుంది, ఆ మొహం గలవాళ్ళకి ఫొటో చూపించాక మళ్ళీ కూర్చోమంటే కూర్చోరు. 35తో కూడా ఉంటుంది కానీ ఓర్చుకునేంత.


పాతసామాను:

సెకండ్ హ్యాండ్ వైపు చూస్తున్నారు కాబట్టి ఒకట్రెండు మాటలు. సమ్మిక్రాన్ పేరుకే డబ్బులు పెట్టక్కర్లేదు, కానన్ వాళ్ళు 1960ల్లో స్క్రూ మౌంట్‌లో చేసిన 35 ఎఫ్/2 ఉంది, 100 గ్రాముల పైచిలుకు అంతే, ఎఫ్/2లో దానంత బుల్లి లెన్సు మళ్ళీ తక్కువే. స్క్రూ మౌంట్ లెన్సుని ఎం బాడీకి తగిలించాలంటే రింగు కావాలి, ఆ రింగు 35, 135 అని రాసి ఉన్నదే తీసుకోండి, 50, 75 రింగు పెడితే ఫైండర్‌లో 50 లైన్లు వస్తాయి. రింగు మందం సరిగ్గా 1 ఎంఎం ఉండాలి, చవక రింగుల్లో అది తేడా వచ్చి ఫోకస్ పోతుంది, జనం లెన్సు పాడైందనుకుని రిపేరుకి ఇస్తారు. నాకు ఒకడు అమ్మిన రింగు అలాంటిదే.

పాత లెన్సు చేతికొచ్చాక ఎపర్చర్ పూర్తిగా తెరిచి వెనక నుంచి టార్చి వేసి చూడండి. దుమ్ము నాలుగు చుక్కలుంటే వదిలేయండి, దాంతో ఏం కాదు. ఎపర్చర్ రేకుల పక్కనుండే గాజు మీద పాల పొరలా ఉంటే అది హేజ్, ఆ కాలపు ఫాస్ట్ లెన్సుల్లో తరచుగా ఉంటుంది, కొన్నిసార్లు తుడిస్తే పోతుంది, గాజునే తినేసి ఉంటే పోదు. మీది అంతా రాత్రి లైట్ల పనే కాబట్టి హేజ్ ఉన్న లెన్సుతో ప్రతి దీపమూ పొగమంచులో ఉన్నట్టు వస్తుంది, పగలు తీసేవాడికి అసలు తెలియను కూడా తెలియదు. సాలెగూడు పోగుల్లా ఉంటే ఫంగస్, అది వద్దు. మినోల్టా సీఎల్ఈ కెమెరాతో వచ్చిన 28 ఎఫ్/2.8 చిన్నగా ముద్దుగా ఉంటుంది గానీ ముందు గాజు లోపల తెల్ల చుక్కలు పుట్టే జబ్బు దానికి మామూలే, ఫొటోలో కనపడవు, టార్చిలోనే కనపడతాయి.

కొత్తదైనా పాతదైనా మొదట ఇన్ఫినిటీ చూడండి. రాత్రి చంద్రుడి మీద పెట్టి రింగు చివరిదాకా తిప్పితే ప్యాచ్‌లో రెండు చంద్రుళ్ళు ఒకటైపోవాలి. కాకపోతే మీ 50తో కూడా అదే చూడండి. రెండిటితోనూ తేడా ఉంటే బాడీ సర్దించాలి, ఒక్కదాంతోనే ఉంటే ఆ లెన్సు వెనక్కి పంపాలి.


నీడలవెంట:

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఇరవైఎనిమిది గారి మాట మనసుని కాస్త పీకింది నిజమే, మళ్ళీ లివర్ నొక్కి చూశా, మొత్తం ఫైండర్ ఫ్రేమ్ అనుకుని కూడా చూశా, నా వల్ల కాలేదు, తలుపు ఎక్కడ తెగుతోందో తెలియకుండా నొక్కడం నా స్వభావం కాదు. సో 35.

ఎఫ్/1.4 మోజు ఆ 5, 7, 10 సెంటీమీటర్ల లెక్కతో దిగిపోయింది. అల్ట్రాన్‌కీ బయోగన్‌కీ మధ్య కొట్టుకుంటున్నా. గీతలు నిటారుగా ఉండటం నాకు ఇష్టమే కానీ అల్ట్రాన్ 58 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్తుందని స్పెక్స్‌లో చూశా, బయోగన్ 70 దగ్గరే ఆగుతుంది. బల్లకి అటువైపు కూర్చున్న మనిషికి అది పనికొస్తుందా?


గాజుపిచ్చి:

ఆ 58 మీద ఆశ పెట్టుకోకండి. మీ ఎం6 ప్యాచ్ 70 సెంటీమీటర్ల దాకానే పనిచేస్తుంది, ఆ తర్వాత లెన్సు తిరుగుతుంది గానీ ప్యాచ్ కదలదు, దూరం అంచనా వేసుకుని తీయాలి, ఎఫ్/2 దగ్గర అది లాటరీ. లైవ్ వ్యూ ఉన్న డిజిటల్ బాడీ కొన్నాకే అది అక్కరకొస్తుంది. బల్లకి అటువైపు మనిషి ఎలాగూ మీటరు దూరంలో ఉంటాడు కాబట్టి రెండిట్లో ఏదైనా ఒకటే.


ట్యాబ్‌తమ్ముడు:

అల్ట్రాన్ తీస్కో అన్నా. బయోగన్ మంచిదే, కాదనను, గని నువ్వు మొదటి ముచ్చటనే చిన్నగుండాలె అన్నవ్. 39 ఫిల్టర్ కూడ తీస్కో దాంతోపాటు, నీ 50ది కూడ 39 అయితే అదే ఫిల్టర్ రెండిటికి నడుస్తది. హుడ్ విడిగ కొనాలె, డబ్బాల రాదు.


నీడలవెంట:

50ది కూడా 39నే. అల్ట్రాన్ ఆర్డర్ పెట్టేస్తున్నా, హుడ్ రంధ్రాలున్నదే చూస్తా. వచ్చాక మొదటి రోల్ రాత్రి గదిలోనే, పుష్ చేయకుండా 400లోనే తీసి పెడతా, మూలల్లో ఎంత నల్లబడిందో మీరే చూసి చెప్పండి.